ఒక పనికి ఒకే మాట
పిల్లలు ‘సిట్’ అంటారు. నాన్న ‘సిట్ డౌన్’ అంటారు. ఇండియా నుంచి వచ్చిన నానమ్మ ‘కూర్చో’ అంటుంది. కుక్క అందరి మొహాలూ చూస్తూ నిలబడుతుంది. అది మొండితనం కాదు, అయోమయం. తెలుగైనా ఇంగ్లిషైనా దానికి ఒకటే. నానమ్మకూ నోరు తిరిగే ఒక్క మాట, ఒక్క చేతి సైగ ఎంచుకోండి. చెప్పింది చేసిన ఒకటి రెండు సెకన్లలోనే చిన్న ముక్క పెట్టి మెచ్చుకోండి. ‘రా’ అని పిలిచి ఎప్పుడూ తిట్టకండి. రోడ్డు మీదకు పరుగెత్తినప్పుడు కాపాడేది ఆ పిలుపే.

కుక్క కూడా మనతో మాట్లాడుతుంది. పదేపదే ఆవలించినా, మూతి నాక్కున్నా, మొహం తిప్పుకున్నా ఆ పూటకు ఆపండి. గుర్రుమంటే కొట్టకండి, పిల్లల్ని పక్కకు తీసుకెళ్లండి. ఆ హెచ్చరికను అణచేస్తే, రేపు గుర్రుమనకుండానే కరవొచ్చు.