చేతిపట్టీ చూపించే వేగం ఎంతవరకు నిజం?

ఈ మధ్య జిమ్ముకు వెళ్ళే మన పిల్లల ముంజేతికి ఒక పట్టీ కనిపిస్తోంది. బరువు ఎత్తిన ప్రతిసారీ బార్ సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో లేచిందో అది ఫోనులో చూపిస్తుంది. వేగం బాగుంటే ఇంకొంచెం బరువు వేసుకోవచ్చు, పడిపోతే ఆపాలి. పద్ధతి మంచిదే. కానీ ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

శ్రీహరికోటలో రాకెట్టు లేవడం చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. రాకెట్టులోని యాక్సిలరోమీటర్లు త్వరణాన్ని, గైరోస్కోపులు అది ఎటు తిరుగుతోందో కొలుస్తాయి. కంప్యూటరు వాటిని క్షణక్షణం కూడుకుంటూ వేగాన్ని లెక్కకడుతుంది. చేతిపట్టీలో ఉన్నవీ ఇవే, కాకపోతే గోరంత చవక చిప్పులు. అంటే పట్టీ వేగాన్ని నేరుగా కొలవడం లేదు, లెక్కకట్టి చెబుతోంది. కూడికలో తప్పు కూడా పెరుగుతూ పోతుంది. త్వరణంలో 0.05 తేడా ఉంటే రెండు సెకన్లలో వేగంలో 0.1 తేడా వస్తుంది. మణికట్టు వంగితే భూమ్యాకర్షణ లెక్క కూడా తారుమారవుతుంది.

ఇస్రో వారు 2023 జూలై 14న ఇక్కడి నుంచి పంపిన చంద్రయాన్-3 ల్యాండరులో వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ డాప్లర్ పరికరాన్ని కొత్తగా చేర్చారు. చంద్రయాన్-2 లో అది లేదు. జిమ్ములో దీనికి దగ్గరగా ఉండేది బార్‌కు తీగ కట్టి కొలిచే యంత్రం. పరిశోధనల్లో సాధారణంగా చేతిపట్టీల కంటే ఈ తీగ యంత్రాలే ఎక్కువ నమ్మకమైనవిగా తేలాయి.

0.1 అంటే ఎంత, అనిపించవచ్చు. బెంచ్ ప్రెస్‌లో మీరు ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువు వద్ద వేగం సుమారు 0.17 మీటర్లే! బరువులో 5 శాతం మార్పుకు వేగం 0.07 నుంచి 0.09 వరకు మారుతుంది. 80 కిలోలు ఎత్తగలిగినవారికి ఆ 5 శాతం అంటే 4 కిలోలు. కాబట్టి పట్టీ పొరపడితే, అలసిన ఛాతీ మీద ఇంకో 4 కిలోలు వేసుకుంటారు.

అలాగని పట్టీని పారేయనక్కరలేదు. రోజూ ఒకే చోట, బిగుతుగా కట్టుకోండి. ప్రతి ఎత్తుకూ ముందు ఒక సెకను కదలకుండా ఆగండి. రాకెట్టు కూడా వేదికపై నిశ్చలంగా నిలబడి, సున్నా వేగం నుంచే లెక్క మొదలుపెడుతుంది. మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చుకోండి, స్నేహితుడి అంకెతో వద్దు. అనుమానం వస్తే పక్కనుంచి ఫోనుతో వీడియో తీయండి. బార్ అర మీటరు లేవడానికి ఒక సెకను పడితే సగటు వేగం 0.5. పట్టీ 0.7 అంటే అది తప్పు చెబుతున్నట్టే.

రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారికి ఒక్క మాట. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. వేగం చూపే పట్టీకి అది కనిపించదు. ఛాతీనొప్పి వచ్చినా, తల తిరిగినా అంకె ఎంత బాగున్నా బార్ దించేయండి. మళ్ళీ ఎత్తేముందు డాక్టరు గారికి చూపించుకోండి.