తిప్పితే తిరగాలి!

స్టీరింగ్‌ చక్రాన్ని నాలుగు వేళ్ల మందాన ఎడమకి తిప్పారు. బండి ఉలకదు, పలకదు. ఇంకాస్త తిప్పారు. అప్పుడు తీరిగ్గా కదులుతుంది... అదీ కావాల్సినదానికంటే ఎక్కువగా! సరిదిద్దడానికి మళ్లీ కుడికి. పాత పికప్‌ ట్రక్కుతో హైవే ఎక్కిన అమెరికన్‌ డ్రైవరు, తిన్నటి రోడ్డుమీద కూడా ఇలా చక్రాన్ని అటూఇటూ కదుపుతూనే ఉండాలి. గంటకు 60 మైళ్ల వేగంలో బండి సెకనుకు 88 అడుగులు పోతుంది. స్టీరింగ్‌ అరసెకను ఆలస్యంగా మాట విన్నదంటే అప్పటికే 44 అడుగులు దాటిపోయినట్టే!

షెవర్లే సీ10, ఫోర్డ్‌ ఎఫ్‌100 లాంటి 1960, 70ల నాటి పికప్‌లంటే అక్కడ ఇప్పటికీ మోజే. కొని, విప్పి, ఒక్కో భాగమూ మార్చుకుంటూ మురిసిపోయేవాళ్లు ఊరూరా ఉంటారు. ముందు ఇంజిన్‌ బలం పెంచుతారు. తర్వాత రంగు, చక్రాలు. బండి దూసుకెళ్లడం మొదలయ్యాకగానీ చాలామందికి స్టీరింగ్‌ గుర్తుకురాదు. నిజానికి మొదట చూడాల్సింది దాన్నే.

ఆ మందకొడితనం పుట్టుకతో వచ్చిందే. పవర్‌ స్టీరింగ్‌ లేని రోజుల్లో బరువైన ముందు చక్రాల్ని మనిషి చేతి బలంతోనే తిప్పాలి కదా. అందుకే స్టీరింగ్‌ బాక్సులో పళ్లచక్రాల నిష్పత్తిని ఎక్కువగా పెట్టేవారు. 24:1 అంటే, చేతిలోని చక్రం 24 డిగ్రీలు తిరిగితే నేలమీది చక్రాలు ఒక్క డిగ్రీ తిరుగుతాయన్నమాట. చక్రం ఎక్కువ తిప్పాలి, బరువు తక్కువ తెలుస్తుంది. ఈ కష్టాన్ని దగ్గరుండి చూసినవాడు ఫ్రాన్సిస్‌ డేవిస్‌. పియర్స్‌-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో ఇంజినీరుగా పనిచేసిన ఆయన, నూనె ఒత్తిడితో పనిచేసే పవర్‌ స్టీరింగ్‌ను తయారుచేసి 1926లో ప్రదర్శించాడు. మార్కెట్లోకి రావడానికి మాత్రం పాతికేళ్లు పట్టింది. 1951లో క్రైస్లర్‌ ఇంపీరియల్‌ కారుతో అది జనానికి పరిచయమైంది. ట్రక్కుల కోసం మొదలైన ఆలోచన ముందు ఖరీదైన కార్లలో కుదురుకుందన్నమాట!

ప్లే ఎక్కడుంది?

బండి మాట వినకపోవడానికి కారణాలు రెండు. ఒకటి నిష్పత్తి, రెండోది అరుగుదల. మెకానిక్‌లు ‘ప్లే’ అనేది ఈ రెండోదాన్నే. కొత్త బాక్సు కొనేసే తొందరలో చాలామంది ఈ తేడా మర్చిపోతారు. అరిగిపోయిన కీళ్లకు కొత్త బాక్సు తగిలిస్తే డబ్బు దండగ, ప్లే మాత్రం అలాగే!

దాన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. బండి నేలమీదే నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూఇటూ కదుపుతుండాలి. రెండోవారు కిందినుంచి ఒక్కో కీలునూ చూడాలి. కీలుకు ఇటువైపు భాగం కదిలి, అటువైపుది ఆలస్యంగా కదిలిందంటే దొంగ దొరికినట్టే. స్టీరింగ్‌ కడ్డీని బాక్సుతో కలిపే రబ్బరు బిళ్ల, టై రాడ్‌ ఎండ్లు, బాల్‌ జాయింట్లు, చక్రాల బేరింగులు... ఒక్కోచోట వెంట్రుకవాసి వదులున్నా అన్నీ కలిసి చక్రం దగ్గరికొచ్చేసరికి నాలుగు వేళ్లవుతాయి. పెద్ద టైర్లు వేసిన ఫోర్‌వీల్‌ షెవర్లేల్లో అయితే బాక్సు బిగించిన చోట చాసిస్‌కే పగుళ్లు వస్తుంటాయి. అక్కడ వెల్డింగ్‌ చేసి అదనపు పట్టీ వేస్తేగానీ మిగతా ఏ పనికీ అర్థం ఉండదు.

ఇక బాక్సు మీద సర్దుబాటు స్క్రూ ఒకటుంటుంది. అందరి చెయ్యీ ముందు దానిమీదకే పోతుంది. అక్కడే చిక్కు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి బాక్సులో పళ్లు మధ్యభాగంలో ఎక్కువ అరుగుతాయి. ఆ అరుగుదల పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని చోట్ల పళ్లు పట్టేస్తాయి. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను వెనక్కి రాదు. వదులు స్టీరింగ్‌ కంటే బిగుసుకుపోయే స్టీరింగ్‌ మరింత ప్రమాదం.

చుట్లు తగ్గితే...

కీళ్లన్నీ సరిచేశాక అప్పుడు బాక్సు. జనరల్‌ మోటార్స్‌ బండ్లలో వాడిన శాజినా పవర్‌ స్టీరింగ్‌ బాక్సులు మామూలుగా 17.5:1 నిష్పత్తిలో ఉంటే, అదే కుటుంబంలో చురుకైనవి 14:1, 12.7:1 కూడా ఉన్నాయి. 24:1 నుంచి 12.7:1కి మారితే తిప్పాల్సింది దాదాపు సగమైపోతుంది. కొత్తది కొనలేనివాళ్లు 1990ల నాటి జీప్‌ గ్రాండ్‌ చెరోకీ బాక్సు కోసం పాత ఇనుము యార్డులు గాలిస్తారు.

అయితే లాభమంతా ఉచితంగా రాదు. చుట్లు సగమైతే బలం రెట్టింపు కావాలి. పవర్‌ స్టీరింగ్‌ లేకుండా చురుకైన బాక్సు బిగిస్తే పార్కింగ్‌లో భుజాలు పడిపోతాయి. పంపు, గొట్టాలు కూడా సరిపోలాలి. మరో తిరకాసు కూడా ఉంది- కార్ల కోసం చేసిన కొన్ని బాక్సుల్లో లోపల ఆపుడు గట్లుంటాయి. వాటితో స్టీరింగ్‌ చురుగ్గానే ఉంటుందిగానీ చక్రాలు పూర్తిగా తిరగవు. యూటర్న్‌కి రోడ్డు చాలదు! మంచి స్పందన కోసం డబ్బు పోసి, ఒక్కసారిలో తిరగాల్సిన చోట వెనక్కీ ముందుకీ చేయడమంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

చివరి పని అలైన్‌మెంట్‌. చేతి బలం మీద నడిచే పాత బండ్లలో ముందు చక్రాల క్యాస్టర్‌ కోణం తక్కువగా ఉంచేవారు, తిప్పడం తేలికని. పవర్‌ స్టీరింగ్‌ వచ్చాక ఆ కోణాన్ని పెంచుకోవచ్చు. దాంతో బండి తిన్నగా పోతుంది, మలుపు తర్వాత చక్రం దానంతటదే తిరిగొస్తుంది.

కొత్త పికప్‌లకు ఈ తంటాలు లేవు. ఫోర్డ్‌ ఎఫ్‌150కి 2004 మోడల్లో ర్యాక్‌ అండ్‌ పినియన్‌, 2011లో ఎలక్ట్రిక్‌ పవర్‌ స్టీరింగ్‌ వచ్చాయి. 2023లో రోడ్డెక్కిన టెస్లా సైబర్‌ట్రక్‌లోనైతే స్టీరింగ్‌ చక్రానికీ నేలమీది చక్రాలకీ మధ్య కడ్డీయే లేదు, అంతా వైర్ల మీదే. ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క చుట్టు కూడా తిప్పనక్కర్లేదు.

మన దగ్గర ఈ సరదా తక్కువ, అవసరమే ఎక్కువ. మదనపల్లె టమోటా, భీమవరం చేపలు మోసే పికప్‌ డ్రైవరుకి స్టీరింగ్‌ అంటే బతుకుతెరువు. వెనక ఇరుసు దాటి బరువు వేస్తే ముందు చక్రాలు తేలికై ఎంత మంచి స్టీరింగైనా పట్టు తప్పుతుంది. అది బాక్సు తప్పు కాదు, లోడు తప్పు. పైగా తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ కింద ఆంక్షలున్నాయి. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి వేరే బండి బాక్సు జోలికి పోకుండా, అరిగిన టై రాడ్‌ ఎండ్లనీ బాల్‌ జాయింట్లనీ అదే రకంవి మార్పించుకోవాలి. మార్చేటప్పుడు మెకానిక్‌ పక్కనే ఉండి, తీసిన పాత కాటర్‌ పిన్నునే వంచి మళ్లీ పెట్టకుండా కొత్తది వేయించుకోవాలి. దాని ఖరీదు ఓ కప్పు టీ కంటే ఎక్కువేం ఉండదు.