శనగ పూచెడు వేళ

పటాన్‌చెరువు పేరు వినగానే కర్మాగారముల పొగగొట్టములు స్ఫురించును. వాని చేరువనే 1972వ సంవత్సరమున స్థాపితమైన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థయు కలదు. అచ్చట వృద్ధిపొందిన శనగవంగడములను గూర్చి నేడు మీకు విన్నవించెదను.

సంగారెడ్డి ప్రాంతపు నల్లరేగడి భూములలో వానలు వెనుదీసిన పిదప శనగ విత్తుదురు. అటుపిమ్మట నేల యడుగున మిగిలిన తేమయే దానికి ఆధారము. ఆ తేమ యింకకముందే పూచి కాచెనా, పచ్చికాయ సంతకు వచ్చును, గింజ యింటికి చేరును. ఆలస్యమైనచో గింజ తాలగును, రైతు అప్పులపాలగును.

మొక్కకు పూచెడు వేళ యెట్లు తెలియును? అది పగటి నిడివిని కొలుచుకొనును. పగళ్లు పొడవైనకొలది శనగ త్వరగా పూచును. మన శీతకాలపు పగళ్లు పొట్టివి గనుక జాప్యము సహజము. ఆ జాప్యమును కలిగించు జన్యువు ఒకటి బీజమునందు కళ్లెమువలె నున్నది.

ఐ.సి.సి.వి. 2 అను త్వరగా పూచెడు కాబూలీ శనగను, జె.జి. 62 అను దేశవాళీ శనగతో సంకరము చేసిన పరిశీలన 2000లో ప్రకటితమైనది. తొలితరమంతయు ఆలస్యముగానే పూచెను. మలితరమున నాలుగింట నొకపాలు త్వరగా పూచెను. మెండెల్ 1866లో బఠాణీలనుగూర్చి ప్రకటించిన లెక్కయు నిదియే. శీఘ్రత యొక్క ప్రధాన జన్యువు చేతిలో నున్నదని దీనివలన తేలినది.

ఐ.సి.సి.వి. 2 సంతతికి చెందిన ఐ.సి.సి.వి. 96029లో ఆ జన్యువునుండి 11 అక్షరములు లోపించినవని 2017లో వెల్లడియైనది. జన్యులిపిని మూడేసి అక్షరములుగా చదువవలెను. ఛందస్సులో యగణ మగణాదులును మూడేసి అక్షరములవే గదా! పద్యమధ్యమున 11 అక్షరములు జారినచో తరువాతి గణవిభజన యంతయు చెడును. ఇచ్చటను అట్లే జరిగి, కళ్లెము తెగినది.

అయినను మిక్కిలి త్వరగా పూచిన మొక్క కొమ్మలు చాపుకొనక పొట్టిగా నుండిపోవును. తేమ నిలిచెడు నేలలో అది నష్టమే. కావుననే ఇక్రిశాట్, జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము కలసి రూపొందించి 1999లో విడుదల చేసిన మధ్యస్థపు జె.జి. 11, కర్నూలు, ప్రకాశము జిల్లాల రైతుల మన్నన పొందినది. విత్తనము కొనునపుడు దిగుబడితోపాటు, అది యెన్నినాళ్లకు పూచును, మీ నేలలో తేమ యెన్నినాళ్లు నిలుచును అను రెండు సంగతులను సరిచూచుకొనుడు.