ధర్పల్లిలో గిలక ఎక్కడుంది?

సిక్కింలో, తూర్పు నేపాల్‌లో లింబూ అనే భాష మాట్లాడతారు. దానికి సొంత లిపి ఉంది. ఆ లిపి 2003లోనే యూనికోడ్‌లోకి వచ్చింది కానీ గ్యాన్, త్ర అనే రెండు అక్షరాలు బయటే ఉండిపోయాయి. వాటికి 2014లో, 7.0 వెర్షన్‌లో చోటు దొరికింది: 6429, 6430. అదే వెర్షన్‌లో మన తెలుగుకీ ఒక పాత అక్షరం వచ్చింది. ఴ, నంబరు 3124.

మనం ఎవరం వాడని అక్షరానికి నంబరు ఎందుకు? చోఴ అనే పేరు తెలుగులో చోడ అయింది కదా, ఆ పోయిన శబ్దం ఇదే. పాత శాసనాల్లో ఉంది. నంబరు లేనప్పుడు శాసనాన్ని టైప్ చేసేవాళ్ళు ళ పెట్టుకోవాలి, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాలి. ళ పెడితే రాయి మీద కూడా ళ నే ఉందని చదివేవాడు అనుకుంటాడు. అంటే సాక్ష్యమే మారిపోతుంది.

అలాగని పాతదానికల్లా నంబరు ఇవ్వరు. మా ఊరి పేరే తీసుకోండి, ధర్పల్లి. ఇప్పుడు ర కింద ప ఒత్తు పెడుతున్నాం. పాత అచ్చు పద్ధతిలో అయితే ముందు ప రాసి, దాని కుడిపక్కన కొక్కెం లాంటి గుర్తు పెడతారు. అదే వలపలగిలక (వలపల అంటే కుడివైపు). పలకడం ముందు, రాయడం తర్వాత! కన్నడవాళ్ళు ఇప్పటికీ రోజూ ఇలాగే రాస్తారు.

ఈ గిలకకి తెలుగులో విడిగా నంబరు లేదు. ఎందుకంటే అది కొత్త అక్షరం కాదు, ర్ కి ఇంకో వేషం. ర (3120), పొల్లు (3149), ప (3114) అనే వరస రెండు రాతల్లోనూ అదే. గిలక కావాలంటే పొల్లు తర్వాత 8205 పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ జాయినర్, కంటికి కనబడదు. ఫాంటులో గిలక బొమ్మ ఉంటే చూపిస్తుంది, లేకపోతే లేదు. పైథాన్‌లో ధర్పల్లి పొడవు 8, గిలకతో రాస్తే 9. రెండూ సమానమా అని అడిగితే ఫాల్స్ అంటుంది. కానీ 8205 తీసేస్తే మళ్ళీ ఒకటే పేరు. వెతకడానికి ఇది చాలా హాయి.

ఇదే లాజిక్‌తో చూస్తే నాకు నచ్చనిది నకారపొల్లు విషయం. అది కూడా న్ కి పాత రూపమే. అయినా 2021లో, 14.0 వెర్షన్‌లో దానికి సొంత నంబరు ఇచ్చారు: ౝ, 3165. పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించేవాళ్ళకి మంచిదే, ఒప్పుకుంటా. కానీ ఇక్కడ తీసేయడానికి 8205 లాంటిది ఏమీ లేదు. న్ కోసం వెతికితే ౝ తగలదు, రెండూ ఒకటేనని ప్రోగ్రాంకి మనమే చెప్పాలి. పాత పద్యాల్లో పాదం చివర ఎన్ని నకారపొల్లులు ఉంటాయో మీకే తెలుసు. మన క్లబ్‌లో ఎవరైనా పాత పుస్తకాలు టైప్ చేస్తుంటే, సెర్చ్ పెట్టేముందు 3165ని 3112, 3149 జంటగా మార్చే ఒక్క లైను రాసుకోండి. అసలు ఫైల్‌ని మాత్రం ముట్టుకోకండి, కాపీలోనే మార్చండి.