పాతబండి పొగ - ఒక నిదానము

‘నిదానము’ అన్న మాటకు సంస్కృతంలో ఒక అర్థం, తెలుగువాని నోట వేరొక అర్థం. వైద్యశాస్త్రంలో నిదానమంటే రోగానికి మూలకారణం. మన ఇళ్ళలో నిదానమంటే తొందరపడకపోవడం. ఈ రెండర్థాలకూ చుట్టరికమున్నదని నాకు తెలిసివచ్చినది ఏ నిఘంటువువల్లనూ కాదు. నేరేడ్‌మెట్‌లో ఒక రేకుల షెడ్డు క్రింద, నా పాతకారు ముందర.

ఆ పెట్రోలుకారును నేను 2010లో కొన్నాను. నన్ను కళాశాలకూ, పిల్లలను బడులకూ, చివరి రోజులలో మా నాయనగారిని ఆసుపత్రికీ మోసి మోసి అది లక్షా అరవైవేల కిలోమీటర్లు తిరిగినది. 2025లో దాని పదిహేనేండ్ల రిజిస్ట్రేషను గడువు ముగియవచ్చినది. మరి అయిదేండ్లు పొడిగించుకోవలెనంటే బండి సత్తువతోబాటు దాని పొగ కూడా పరీక్షకు నిలవాలి. సరిగ్గా అప్పుడే ఇంజను బొమ్మతో ఉండే పసుపుపచ్చని దీపం వెలిగినది. పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడు నూటికి 0.9 పాళ్లు వచ్చినది. భారత్ స్టేజి 4 బండ్లకు హద్దు 0.3. కాలని ఇంధనపు ఆవిరులు పది లక్షలలో 200 పాళ్లు మించరాదు. నా బండిలో 420!

ఒక పెద్ద వర్క్‌షాపువారు స్కానరు తగిలించి, ఐదు నిమిషాలలో తీర్పు చెప్పినారు: “కన్వర్టరు పోయింది సార్, సెన్సారు కూడా మార్చాలె.” వారు చెప్పిన మొత్తం నా నెలజీతంలో సగానికి మించినది. దారిలో మరొకాయన దయతలచి, పొగ గొట్టం ముట్టుకోకుండానే చీటీ ఇప్పిస్తానన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బండిని అమ్ముదునా, అప్పుచేసి బాగు చేయింతునా, ఆ చీటీ తెచ్చుకొందునా?

ఆ కన్వర్టరు సంగతి రెండు మాటలలో చెప్పవలసియున్నది. సైలెన్సరు దారిలో తేనెపట్టువంటి పింగాణీ దిమ్మ ఒకటి ఉంటుంది. దాని కన్నాల గోడలకు ప్లాటినం, పలాడియం, రోడియం పూతగా ఉంటాయి. తాము ఖర్చుకాకుండా విషవాయువులను బొగ్గుపులుసు గాలిగా, నీటియావిరిగా, నత్రజనిగా మార్చడం వాటి పని. రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఉత్ప్రేరకానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణను వెదకనక్కరలేదు. మనదేశంలో 1995లో నాలుగు మహానగరాలలో అమ్మే కొత్త పెట్రోలుకార్లకు దీనిని విధించినారు. పెట్రోలులోని సీసం ఈ పూతను కప్పి చంపుతుంది గనుక దేశమంతటా సీసంలేని పెట్రోలు రావలసివచ్చినది. 2000 ఫిబ్రవరి 1 నుండి వచ్చినది. దిమ్మ సుమారు 300 డిగ్రీల వేడి పుంజుకొనేదాకా పని మొదలుపెట్టదు. ఇంటి ముందు నుండి చౌరస్తా దాకా నడిపి, చల్లని ఇంజనుతో పరీక్షకు నిలబెట్టడం నేను చేసిన మొదటి తప్పు.

నేరేడ్‌మెట్, సైనిక్‌పురి ప్రాంతాలలో సైన్యంనుండి విరమించినవారు మెండు. తిరుమలగిరిలో సైన్యపు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది గదా. ఆ శాఖలోనే హవల్దారుగా పనిచేసి వచ్చిన పెద్దమనిషి ఒకరు ఈ రేకుల షెడ్డు నడుపుతున్నారు. స్కానరు కాగితం చేతికిస్తే మడిచి జేబులో పెట్టుకొన్నారు.

“మిషను జెప్పింది నొప్పి పేరు సార్, రోగం పేరు గాదు. బండి ఈడనే ఇడిసిపొండ్రి. పొద్దుగాల చల్లటి ఇంజను మీద నేను వినాలె.”

ఆ కాగితంలో ఉన్నది పి 0171 అనే గుర్తు. ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని దాని భావం. కాని పొగ పరీక్ష చెప్పినది దీనికి నేర్విరుద్ధం. ఇంధనం ఎక్కువై, గాలి చాలక సగం కాలినప్పుడే గదా కార్బన్ మోనాక్సైడు పెరిగేది! ఇద్దరు సాక్షులు ఎదురెదురుగా చెప్పినప్పుడు ఒకరు అబద్ధమాడుతూ ఉండాలి. లేదా ఒకరు మోసపోయి ఉండాలి. వర్క్‌షాపువారు ఈ వైరుధ్యాన్ని చూడనేలేదు. నేను మాత్రం చూచితినా?

మరునాటి ఉదయం హవల్దారుగారు ప్లగ్గులు విప్పి చూపినారు. కొసలు కాటుక పట్టినట్లు నల్లగా ఉన్నవి. ఇంధనం ఎక్కువే, సందేహం లేదు. తర్వాత ఇంజను నడిపించి చెవి ఒగ్గినారు. టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు. ఇంజను వేడెక్కగానే మాయమైనది. లోహం వ్యాకోచించి సందు మూసుకొంటుందట. ఒక కుర్రవాని చేత పొగగొట్టం మూతిని గుడ్డతో క్షణకాలం అదిమిపట్టించగా, ఇంజనుకు గొట్టం అతికే చోట బుస్సుమన్నది. అక్కడ ప్యాకింగు అంచున వేలెడు పొడుగున మసిచార! తుప్పుపట్టి తెగిన బోల్టు ఒకటి.

పొగ గొట్టంలోనికి ధారగా రాదు, తెరలు తెరలుగా వస్తుంది. తెరకూ తెరకూ నడుమ లోపలి ఒత్తిడి బయటి గాలికంటె తగ్గుతుంది. అప్పుడా సందుగుండా బయటిగాలి లోపలికి దూరుతున్నది. అక్కడికి జానెడు దూరంలోనే ప్రాణవాయువును పసిగట్టే సెన్సారు ఉన్నది. దొంగగాలిని చూచి అది “గాలి ఎక్కువైనది” అని కంప్యూటరుకు చెప్పుతున్నది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉండేటట్లు చూడడం కంప్యూటరు ధర్మం. పాపం, అది నమ్మి మరింత పెట్రోలు పోస్తున్నది. సెన్సారు కన్నది కన్నట్లే చెప్పినది. కన్వర్టరు శక్తికొద్దీ ఆ విషాన్ని మ్రింగుతూనే ఉన్నది. తప్పు పాత రేకు ప్యాకింగుది. శిక్ష ఈ రెంటికీ పడబోయినది.

మాధవకరుని ‘మాధవనిదానం’ చదివినవారికి ఇది కొత్త కాదు. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అని రోగాన్ని గుర్తించడానికి మన వైద్యులు అయిదు దారులు చెప్పినారు. దీపం వెలగడం రూపం మాత్రమే. ఆ తెల్లవారి చప్పుడు పూర్వరూపం. ఏడాదిగా నేను వింటూనే ఉన్నాను, ముసలిబండి సణుగుడనుకొన్నాను! మందువేసి చూచి రోగాన్ని పోల్చుకోవడం ఉపశయం. హవల్దారుగారు ప్యాకింగూ, రెండు బోల్టులూ మార్చి, “పదిహేను రోజులు నడపుండ్రి, తగ్గకుంటే అప్పుడు కన్వర్టరు సంగతి జూద్దాం” అన్నప్పుడు నాకీ మాట గుర్తుకు వచ్చినది. ఖర్చు రెండువేల లోపలే.

పదిహేను రోజుల తర్వాత, ఇరవై కిలోమీటర్లు నడిపిన వేడి ఇంజనుతో పరీక్షకు పోయినాను. కార్బన్ మోనాక్సైడు 0.2, ఆవిరులు 170. గెలుపే గాని గొప్ప గెలుపు కాదు. ఏడాదిపాటు మసి మ్రింగిన ఆ దిమ్మకు ముసలితనం వచ్చిన మాట నిజమేనని హవల్దారుగారూ ఒప్పుకొన్నారు. మరి రెండేండ్లకో మూడేండ్లకో అది మార్చక తప్పదట. కాని కొత్త దిమ్మను ఆ చెడిన ప్యాకింగుకు అప్పగించి ఉంటే, అదీ మసి మ్రింగుతూనే ఉండేది.

విప్పిన పాత ప్యాకింగును ఆయన పాత కాగితంలో చుట్టి నా చేతికిచ్చినారు. మసిచార ఉన్న వైపు పైకి మడిచినారు.

“ఈసారి దీపం వెలిగేదాక ఆగకుండ్రి సార్. చప్పుడు వినపడ్డ నాడే, పొద్దుగాల, బండి చల్లగున్నప్పుడు తీస్కరాండ్రి.”