గడియారం చూసి తినాలి

రాజపాళయంలో తెల్లవారుజామున సైకిలెక్కి తెన్‌కాశి రోడ్డు పట్టుకుంటే పడమటి కనుమలు కుడిచేతి పక్కనే వెంట వస్తాయి. శివగిరి, వాసుదేవనల్లూరు, పులియంగుడి, కడయనల్లూరు దాటి జలపాతాల కుర్తాళం చేరేసరికి సుమారు 65 కిలోమీటర్లు. వెళ్లి రావడం 130. మిల్లుల ఊరు, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే రాజుల ఊరు అయిన ఇక్కణ్ణుంచి ఆ దారి తొక్కడానికి అరవై ఏళ్లు అడ్డం కావు. అడ్డం వచ్చేది తిండి లెక్క తప్పడమే.

కుర్తాళం సీజను జూన్ నుంచి ఆగస్టు దాకా. అందరికీ అప్పుడే వెళ్లాలనిపిస్తుంది. సెంగోట్టై కనుమ సందులోంచి దూసుకొచ్చే గాలి కూడా అప్పుడే. మూడు గంటల దారి అయిదు గంటలు పడుతుంది. అందుకే తిండిని కిలోమీటర్లతో కాదు, గంటలతో కొలవాలి. కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే గ్లైకోజెన్ దాదాపు 400 నుంచి 500 గ్రాములు. గట్టిగా తొక్కితే రెండు గంటల్లో అడుగంటుతుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతూనే ఉండాలి. మధ్యరకం అరటిపండులో ఉండేది పాతిక గ్రాములు. దానికి తోడు ఒక పల్లీపట్టీ ముక్క ఉంటే ఆ గంట గట్టెక్కినట్టే. ఆకలయ్యాక తిందామనుకుంటే అప్పటికే కాళ్లు పీకుతుంటాయి.

దాహం సంగతి ఇంకా ముఖ్యం. వయసు మీదపడేకొద్దీ ఒంట్లో నీరు తగ్గినా దాహం వెంటనే తెలియదు, మూత్రపిండాలూ మునుపటిలా నీటిని నిలుపుకోలేవు. కుర్తాళం గాలికి చెమట పట్టినట్టే ఉండదు, ఆరిపోతుంది. పావుగంటకోసారి రెండు గుక్కలు తాగడం అలవాటు చేసుకోవాలి. అలాగని ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ తాగడం మరీ ప్రమాదం. రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తికమక మొదలవుతాయి. పులియంగుడి నిమ్మకాయలకు పేరున్న ఊరు. లీటరు నీటికి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలిపి, ఒక కాయ పిండుకుంటే చాలు. కొబ్బరిబోండాంలో పొటాషియం దండిగా ఉన్నా సోడియం తక్కువ. అందులోనూ చిటికెడు ఉప్పు పడాలి.

దారిలోకి నాకు తెలిసి ఇడ్లీని మించినది లేదు. చల్లారిన ఇడ్లీకి రెండు వైపులా కారప్పొడి, నువ్వులనూనె పట్టించి, నిప్పు సెగకు వాడ్చిన అరటాకులో గట్టిగా చుట్టాలి. పది గంటలకు విప్పినా మెత్తగానే ఉంటుంది. కొబ్బరి చట్నీ మాత్రం కట్టుకోవద్దు, ఎండకు పాడవుతుంది. ముందురోజు రాత్రి పరోటా, బిర్యానీ మానేయాలి. నూనె తిండి అరగక తెల్లారినా పొట్టలోనే బరువుగా కూర్చుంటుంది.

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, రక్తపోటుకు నీరుపోయే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఇంత దూరం బయల్దేరకూడదు. మాత్రల వేళలు, ఉప్పు మోతాదు ఆయనే చెప్పాలి. చక్కెర పడిపోయే మందులు వాడేవాళ్ల జేబులో గ్లూకోజు ఉండి తీరాలి.

ఇల్లు చేరాక స్నానం, నిద్ర అనుకుంటారు చాలామంది. ముందు మాంసకృత్తులు. పెద్దవాళ్ల కండరాలు వాటికి అంత సులువుగా స్పందించవు. కుర్రవాడికి పూటకు కిలో బరువుకు 0.24 గ్రాములు సరిపోయేచోట పెద్దవాళ్లకు 0.4 దాకా కావాలని పరిశోధనలు చెబుతున్నాయి. అరవై కిలోల మనిషికి 24 గ్రాములు. మూడు గుడ్లు, గ్లాసు పాలతో అయిపోతుంది. శాకాహారులకు శనగల సుండల్, పెరుగు ఉన్నాయి.

సాధన విషయంలో ఫ్రాన్సుకు చెందిన రాబర్ట్ మార్షాన్‌ను తలుచుకోకుండా ఉండలేను. 2012లో, నూరేళ్లు దాటిన వయసులో గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కారు. ఆ తర్వాత రెండేళ్లు ఎక్కువ భాగం తేలిగ్గా, అయిదో వంతు గట్టిగా సాధన చేసి, 2014లో 26.927 కిలోమీటర్లకు పెంచారు. ఆ మధ్యలో ఆక్సిజన్ వాడుకునే సత్తువ 13 శాతం పెరిగింది. నూటొకటో ఏట కూడా ఒళ్లు మెరుగుపడుతుందనే మాట నాకు ఎన్నిసార్లు చదివినా ఉత్సాహమే.

కుర్తాళం దాటి ఇంకా దూరం పోవాలనుకునేవాళ్లకు ఆడాక్స్ అనే గడువు పెట్టిన దూరపు సైకిల్ యాత్రలు ఉన్నాయి. వాటిలో 200 కిలోమీటర్ల యాత్రకు గడువు పదమూడున్నర గంటలు. వయసుకు రాయితీ లేదు. గంటకు 40 గ్రాముల చొప్పున వేసుకున్నా 540 గ్రాముల పిండిపదార్థం. అంత తిండి జీర్ణం చేసుకోవడం పొట్టకు కూడా నేర్పాలి. ముందు శ్రీవిల్లిపుత్తూరు దాకా, పన్నెండు కిలోమీటర్లు, కొత్త తిండి ఒక్కొక్కటిగా తిని చూడండి. పొట్ట ఒప్పుకున్నదే శంకరన్‌కోవిల్ దాకా, తర్వాతే కుర్తాళం సంచిలోకి.