షార్ప్ అంటే ఏంటి?

అప్రైజల్ టైమ్. టీమ్‌లో ఒక జూనియర్ గురించి ఫీడ్‌బ్యాక్ రాయాలి. 'ఇంకా షార్ప్ అవ్వాలి' అని టైప్ చేశా. సబ్మిట్ కొట్టబోతుంటే డౌటొచ్చింది. షార్ప్ అంటే ఏంటి? అతని కోడ్‌లో బగ్స్ తక్కువే. మరి ఆ మాట నాకెందుకొచ్చింది?

ఆ డౌట్ రావడానికి కారణం అప్పుడు నేను చదువుతున్న జార్జ్ కెల్లీ. 1905లో అమెరికాలోని కాన్సస్‌లో పుట్టాడు. డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్. కొన్నాళ్లు ఏరోనాటికల్ ఇంజినీర్‌గా కూడా చేశాడు (మనోడే!). తర్వాత సైకాలజీకి మారి, 1930ల్లో ఊరూరా తిరుగుతూ స్కూలు పిల్లల్ని చూసేవాడు. అక్కడ టీచర్లు తరచూ చేసే కంప్లయింట్ ఒకటుంది: 'ఈ పిల్లాడు సోమరి.' వినీ వినీ కెల్లీకి ఒకటి అర్థమైంది. ఆ మాట పిల్లాడి గురించి చెప్పేదానికంటే, ఆ టీచర్ పిల్లల్ని ఎలా చూస్తున్నారో చెప్పేదే ఎక్కువ.

ఆ ఆలోచన పెరిగి పెద్దదై 1955లో రెండు వాల్యూముల పుస్తకంగా వచ్చింది: 'ద సైకాలజీ ఆఫ్ పర్సనల్ కన్‌స్ట్రక్ట్స్'. ప్రతి మనిషీ ఓ సైంటిస్టే అంటాడు కెల్లీ. ఎదుటివాళ్ల గురించి ఊహిస్తాం, సరిచూసుకుంటాం, తప్పైతే మార్చుకుంటాం. ఈ ఊహలకి వాడే కొలబద్దే కన్‌స్ట్రక్ట్. దానికి రెండు చివర్లుంటాయి. రెండో చివర ఏంటన్నది మనిషిని బట్టి మారుతుంది. ఒకరికి 'మంచోడు'కి ఎదురు 'చెడ్డోడు'. ఇంకొకరికి 'లౌక్యం తెలిసినోడు'. ఇద్దరూ వాడేది ఒకే మాట, కొలత మాత్రం వేరు.

ఈ కొలబద్దల్ని బయటికి లాగడానికి కెల్లీ ఇచ్చిన పద్ధతి పెరిగి రెపర్టరీ గ్రిడ్ అయింది. ఫోన్‌లో షీట్ ఓపెన్ చేస్తే చాలు. తెలిసినవాళ్ల పేర్లు రాయండి. ముగ్గుర్ని తీసుకుని, ఏ ఇద్దరిలో ఏం పోలిక ఉందో, మూడోవాళ్లు ఎందులో వేరో రాయండి. అదొక వరుస. ఇలా కొన్ని వరుసలయ్యాక అందరికీ 1 నుంచి 5 దాకా మార్కులేయండి.

నేనూ చేశా. అమ్మ, నాన్న, ఇంటర్ మ్యాథ్స్ సార్, రూమ్మేట్, మేనేజర్, ఆ జూనియర్, నేను. మార్కులు చూస్తే 'షార్ప్–డల్' వరుస, 'గడగడా ఇంగ్లీష్–తడుముకునే ఇంగ్లీష్' వరుస దాదాపు కాపీ పేస్ట్. మ్యాథ్స్ సార్ దగ్గర మాత్రమే అంకెలు విడిపోయాయి. షార్ప్‌లో అమ్మకి 2 ఇచ్చా. ఇరవై మంది చీటీ లెక్క నోటితోనే నడిపే అమ్మకి! తెలుగు మీడియంలో చదివొచ్చిన నాకు నేనే 2 ఇచ్చుకున్నా. కాసేపు ఫోన్ పక్కన పడేశా.

బ్రిటన్‌లో డాన్ బానిస్టర్, ఫే ఫ్రాన్సెలా లాంటివాళ్లు ఈ సైకాలజీని ముందుకు తీసుకెళ్లారు. 1980ల్లో అయితే ఇది మన ఫీల్డ్‌లోకే వచ్చేసింది. ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ కట్టేవాళ్లకి నిపుణుల బుర్రలో ఉన్నది బయటికి తీయడమే తలనొప్పి. బోయింగ్‌లో జాన్ బూస్, కెనడాలోని కాల్గరీలో మిల్డ్రెడ్ షా, బ్రయాన్ గెయిన్స్ దానికి ఈ గ్రిడ్‌నే వాడారు.

లోపాల్లేవా? ఉన్నాయి. కోపమొచ్చినప్పుడో, ప్రేమలో పడ్డప్పుడో మనిషి సైంటిస్టులా ఉంటాడా అని జెరోమ్ బ్రూనర్ అప్పట్లోనే వేలెత్తి చూపాడు. నాకైతే ఇంకో అనుమానం. అంకెలేసేసరికి ఏదైనా నిజంలా కనిపిస్తుంది, ముఖ్యంగా మా ఇంజినీర్లకి.

ఆ లైన్ మాత్రం డిలీట్ చేశా. మనిషికి ఏమైందో తెలియకపోతే అతన్నే అడగమంటాడు కెల్లీ. అడిగా. 'కాల్‌లో ఇంగ్లీష్‌లో వాక్యం కట్టుకునేలోపే టాపిక్ మారిపోతుందన్నా' అన్నాడు. అతను ఫిక్స్ చేసిన బగ్స్ లిస్టుతో ఫీడ్‌బ్యాక్ మళ్లీ రాశా. ఫైనల్ రేటింగ్ నా చేతుల్లో లేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి అదే ఆట ఆడించా. నువ్వు, నాన్న, నేను. ఎవరిద్దరు ఒకటి?

'నువ్వూ మీ నాన్నా. ఆకలేసినా నోరు తెరిచి అడగరు. నేను అడిగేస్తా' అంది.

నా షీట్‌లో ఆ వరుసే లేదు.